కుక్కల కొట్లాటలో చెయ్యి పెట్టకండి

పోయిన వర్షాకాలంలో ఒక సోమవారం ఉదయం బి.పి. మాత్రల కోసం ఒక మాస్టారు, ఆయన భార్య మన ఓ.పి.కి వచ్చారు. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. చీటీ అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు చూస్తే బొటనవేలికి పాత పంచె గుడ్డ కట్టి ఉంది. గుడ్డంతా పసుపు మరక.

"వేలికి ఏమైంది మాస్టారూ?" అని అడిగాను.

"ఏమీ లేదమ్మా, తలుపు సందులో నలిగింది."

పక్కనున్న అమ్మగారు ఊరుకోలేదు. "తలుపూ కాదు, కిటికీ కాదు సిస్టరమ్మా. శుక్రవారం పొద్దున్న కుక్క కరిచింది. నాకే శనివారం దాకా చెప్పలేదు."

సంగతి ఏమిటంటే, వాళ్లింట్లో చిన్న తెల్ల కుక్క ఉంది. ముద్దుగా పెంచుకున్న అమ్మాయి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తూ నాన్న దగ్గర వదిలింది. మాస్టారు రోజూ ఆరింటికి దాన్ని గొలుసుతో కాలవ గట్టు దాకా నడిపించి తెస్తారు. ఆ శుక్రవారం సందు మొగలో విడిగా తిరుగుతున్న ఒక గోధుమరంగు కుక్క మొరుగుతూ మీదికి వచ్చింది. ఆయన కంగారుపడి తన కుక్కను గబుక్కున గుండెలకెత్తుకున్నారు. అది దాని కోసం ఆయన మీదికే ఎగిరింది. చేతిలోది జారి కింద పడింది. రెండూ ఒకదానినొకటి పట్టుకున్నాయి. ఈయన రెండు చేతులూ మధ్యలో పెట్టి విడదీశారు. విడదీసేసరికి వేలి నుంచి రక్తం కారుతోంది.

"కరిచింది ఏ కుక్క మాస్టారూ?"

"మా స్నూపీయే అయ్యుంటుందమ్మా. ఆ భయంలో దానికి మాత్రం ఏం తెలుస్తుంది? దానికి ఇంజెక్షన్ వేయించాం. అందుకే రాలేదు."

"ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారు?"

ఆయన భార్య వైపు చూశారు. "అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు" అన్నారావిడ. అమ్మాయికి ఉద్యోగం వచ్చే నాలుగేళ్లయిందట!

ఇరవై ఏళ్లకు పైగా ఇంజెక్షన్ గదిలో పనిచేస్తున్న నాకు ఒక విషయం బాగా అర్థమైంది. వీధికుక్క పిక్క పట్టుకున్నవాళ్లు గంటలో పరుగెత్తుకుని వస్తారు. సొంత కుక్కను విడిపించబోయి చేతికి గాటు పడినవాళ్లు ఆలస్యంగా వస్తారు, లేకపోతే అసలు రారు. "మన కుక్కే కదా" అనుకుంటారు. నలుగురిలో చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు. నిజానికి ఆ రెండో రకం కాటును తేలిగ్గా తీసుకోకూడదు. రెండు కుక్కలు కలబడినప్పుడు ఏ పన్ను ఎవరిదో విడిపించేవాడికి తెలియదు. పోనీ మన కుక్కదే అనుకున్నా, ఆ క్షణంలో దాని నోట్లో ఎదుటి కుక్క చొంగ కూడా ఉంటుంది. రేబిస్ వైరస్ ఉండేది ఆ చొంగలోనే. అది గాయం గుండా నరాల్లోకి, నరాల వెంట మెదడుకు పోతుంది. నరాలు ఎక్కువగా ఉండే చోట్లు కాబట్టి వేళ్లకు, ముఖానికి, మెడకు తగిలిన కాట్లను డాక్టర్లు మరీ జాగ్రత్తగా చూస్తారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. కాబట్టి ఏం చేసినా అవి రాకముందే చేయాలి.

ఈ మాటలు దూరంగా కూర్చుని చెబుతున్నానని అనుకోవద్దు. మా ఇంట్లోనూ కుక్క ఉంది. నాటు కుక్కే. ఏడేళ్ల క్రితం మా అబ్బాయి వానలో తడుస్తున్న పిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. డ్యూటీకి వెళ్లేముందు దాన్ని తిప్పడం నా పని. దాని వల్లే నా షుగరు అదుపులో ఉందని మా డాక్టరుగారు నవ్వుతుంటారు. కాబట్టి "కుక్కలెందుకండీ" అనే వాళ్లలో నేను లేను. కుక్కను రోజూ నడిపించాలి. ఇంట్లో కట్టేసి ఉంచిన కుక్కకు కోపం పెరుగుతుంది, మనిషికి బరువు పెరుగుతుంది.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఈ ఏడేళ్లలో మా కుక్క మీదికి వచ్చిన కుక్కల్లో సగం వీధివి కావు. వాటి మెడలో బెల్టు ఉంది! పొద్దున్నే గేటు తీసి "పోయి రా" అని వదిలేస్తారు. అది వీధిలో పని కానిచ్చుకుని, దారిన పోయేవాళ్లను తరిమి, టిఫిను వేళకు ఇల్లు చేరుతుంది. మా పక్క వీధిలో ఒక పెద్ద కుక్క రెండుసార్లు మా దాని మెడ పట్టుకోబోయింది. ఆ ఇంటాయనతో చెబితే "మా రాజా ఏమీ చేయదు అక్కగారూ, ఆడుకుంటుంది అంతే" అన్నారు. నేను చెప్పు విప్పి చేత్తో పట్టుకుని నిలబడి ఉంటే నాతో అన్న మాట అది. మీ రాజా మీ ఇంట్లో ఏమీ చేయదండీ. అన్నం పెట్టే చేతిని అది ఎందుకు కరుస్తుంది? వీధిలో, ఇంకో కుక్క ఎదురుగా నిలబడినప్పుడు అది ఏం చేస్తుందో మీరు ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆ వేళకు మీరు లోపల కాఫీ తాగుతున్నారు.

దీనికి చట్టం కూడా ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే నేరమని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను చెబుతుంది. ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. 2024 జూలైకి ముందు ఇదే పాత శిక్షాస్మృతిలో 289వ సెక్షనుగా ఉండేది. పక్కింటివాళ్ల మీద కేసులు పెట్టమని నేను చెప్పడం లేదు. ఒక గొలుసు కొనడానికి అయ్యే ఖర్చుతో తీరే విషయం స్టేషను దాకా ఎందుకు పోవాలి? కానీ మనలో, అంటే ఆదివారం పక్క పక్కన కూర్చునే కుటుంబాల్లోనే, గేటు తీసి కుక్కను వదిలే ఇళ్లు నాకు నాలుగైదు తెలుసు. వాళ్లు ఈ పత్రిక చదువుతారు గనుక ఇక్కడే రాస్తున్నాను.

ఇక వీధికుక్కల మాట. అవి ఊరికే మీదికి రావు. ఒక్కో సందు ఒక్కో గుంపుది. రోజూ కనిపించే మనిషి ఒంటరిగా వెళ్తే తల కూడా ఎత్తవు. అదే మనిషి వెంట ఇంకో కుక్క ఉంటే మాత్రం పొలం గట్టు దాటి వచ్చిన పరాయివాడిని చూసినట్టు చూస్తాయి. చికెన్ కొట్టు దగ్గర, చెత్త కుండీ దగ్గర, పిల్లలు పెట్టిన తల్లి దగ్గర ఇది మరీ ఎక్కువ. చిత్తకార్తె రోజుల్లో, అంటే అక్టోబరు నెలలో, మగ కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. ఆ రోజుల్లో నేను మా దాన్ని ఎండ వచ్చాకే తీసుకువెళ్తాను. మొరిగే కుక్క కరవదని సామెత ఉంది. నా ఇంజెక్షన్ గదిలో ఆ సామెత పనిచేయదు. మొరిగి మొరిగి కరిచినవాటి బాధితులు నాకు చాలామంది తెలుసు. అయితే మొరిగే కుక్క ముందుగా మనకు సమయం ఇస్తుంది, అది నిజం. మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తోక బిగించి, చప్పుడు లేకుండా కళ్లార్పకుండా చూస్తూ వచ్చేదానితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గొలుసుకున్న మన కుక్క పరిస్థితి కూడా ఆలోచించండి. దానికి పారిపోయే దారి లేదు. పక్కకు తప్పుకుని, తల వంచి, "నాకు నీతో గొడవ వద్దు" అని కుక్కల పద్ధతిలో చెప్పుకునే వీలు కూడా లేదు. భయపడి మనం గొలుసు బిగించి లాగేసరికి దాని మెడ పైకి లేస్తుంది, ముందుకాళ్లు గాలిలోకి వస్తాయి. ఎదుటి కుక్కకు అది కలబడటానికి సిద్ధమైనట్టు కనిపిస్తుంది. గొడవలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

అందుకని దూరంలో విడి కుక్క కనిపించినప్పుడే దారి మార్చుకోవడం అన్నిటికంటే మంచిది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. "నా వీధిలో నేను నడవడానికి ఒక కుక్క కోసం చుట్టు తిరిగి పోవాలా?" అని మా వార్డు బాయ్ ఒకసారి నాతో వాదించాడు. పోవాలి. హక్కు మనదే, పిక్క కూడా మనదే. తిరగడానికి సందు లేకపోతే రోడ్డు అవతలికి దాటండి. నిలిపి ఉన్న ఆటోనో, కారునో, ఇసుక కుప్పనో మధ్యలో అడ్డం ఉంచుకోండి. కుక్కలు ఒకదాన్నొకటి చూడకుండా ఉంటే సగం వేడి తగ్గుతుంది.

తప్పుకునే వీలు లేకుండా దగ్గరికి వచ్చేస్తే పరుగెత్తవద్దు. పరుగెత్తే దాన్ని తరమడం కుక్క పుట్టుకతో నేర్చిన విద్య. మన కుక్కను వెనక్కి పంపి, మనం మధ్యలో ఉండి, కాస్త పక్కకు తిరిగి నిలబడాలి. ఎదుటి కుక్క కళ్లలోకి సూటిగా చూడవద్దు. అరుపులు, కేకలు వద్దు. "పో!" అని ఒక్కసారి గట్టిగా, గొంతు వణకకుండా చెప్పి ఆగండి. తరువాత ఒక్కొక్క అడుగే వెనక్కి. మా వీధిలో కుక్కలు చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతాయి. వాటికి కావలసింది మనం వాటి సందు దాటిపోవడమే.

జేబులో నాలుగు బిస్కట్లు ఉంచుకోవడం కూడా పనికొస్తుంది. వచ్చే కుక్క ముందు, కాస్త పక్కగా, అన్నీ ఒకేసారి చల్లి మనం నడిచిపోవాలి. చేత్తో అందించకూడదు. నా అనుభవంలో పదిసార్లలో ఆరేడుసార్లు పనిచేసింది. కానీ మరీ కోపంతో వచ్చేది బిస్కట్టు వైపు చూడనే చూడదు.

కర్ర విషయంలో మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా వారు కర్ర లేకుండా బయటికి వెళ్లరు. నేను గొడుగు తీసుకువెళ్తాను. కర్రతో కొడితే ఒక కుక్క పారిపోవచ్చు, ఇంకోటి తిరగబడవచ్చు. గుంపు ఉంటే మాత్రం తప్పకుండా తిరగబడతాయి. రాయి విసిరినవాడి మొహాన్ని అవి నెలల తరబడి గుర్తుపెట్టుకుంటాయి, ఆ పగ మరుసటి రోజు పాలకుర్రాడి మీద తీరుతుంది. గొడుగు టక్కున తెరిస్తే పెద్ద గోడ లేచినట్టు ఉంటుంది. చాలా కుక్కలు అక్కడే ఆగిపోతాయి. ఎండకూ పనికొస్తుంది, వానకూ పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త. ముందుగా ఇంట్లో మన కుక్క ముందు నాలుగుసార్లు తెరిచి మూసి దానికి అలవాటు చేయాలి. లేకపోతే ముందు అదే బెదిరి గొలుసు తెంపుకుంటుంది.

చిన్న కుక్కను ఎత్తుకోవచ్చా అని మాస్టారు కూడా అడిగారు. ఒకే జవాబు చెప్పలేను. తెరిచి ఉన్న గేటో, కొట్టో, ఎక్కడానికి అరుగో రెండడుగుల్లో ఉంటే ఎత్తుకుని అందులోకి పోవడమే మంచిది. నడివీధిలో ఎత్తుకుని నిలబడితే మాత్రం మన గుండె, మొహం ఆ కుక్క అందుకోవలసిన ఎత్తులోకి వస్తాయి. వయసు మళ్లినవాళ్లు ఆ తోపుకే వెనక్కి పడిపోతారు. కాటు కంటే ఆ పడటమే ప్రమాదం కావచ్చు. అరవై దాటినవాళ్లకు తుంటి ఎముక విరిగితే మంచం మీద నెలలు గడుస్తాయి. ఇదే కారణానికి గొలుసును మణికట్టుకు చుట్టుకోవద్దని అందరికీ చెబుతుంటాను. పెద్ద కుక్క ఒక్క గుంజు గుంజితే మణికట్టు విరుగుతుంది, మనిషి బోర్లా పడతాడు. గొలుసు కొసను అరచేతిలో పట్టుకోండి, అవసరమైతే వదిలేయగలిగేలా. గొలుసు కాళ్లకు చుట్టుకుని పడిపోయే పరిస్థితి వస్తే వదిలేయడమే మేలు. మన కుక్క ఇంటికి దారి వెతుక్కుంటుంది.

ఇన్ని చేసినా కలబడ్డాయే అనుకోండి. అప్పుడు వినవలసిన మాట ఒక్కటే. చేతులు మధ్యలో పెట్టవద్దు. మెడ బెల్టు పట్టుకుని లాగాలనిపిస్తుంది. ఆ బెల్టు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. నొప్పితో ఉన్న కుక్క వెనక్కి తిరిగి, తగిలినదాన్నల్లా పట్టుకుంటుంది. అది యజమాని చెయ్యి అని దానికి తెలియదు. దగ్గరలో కుళాయి, టీ కొట్టు బక్కెట్టు ఉంటే నీళ్లు వాటి మొహాల మీద గుమ్మరించండి. మూసిన గొడుగో, ప్లాస్టిక్ కుర్చీయో, సైకిలో వాటి మధ్యకు తొయ్యండి. గోనెపట్టా, దుప్పటి విసిరినా ఒక్క క్షణం పట్టు సడలుతుంది. ఇంకో మనిషి తోడుంటే, ఇద్దరూ ఒకేసారి చెరొక కుక్క వెనక కాళ్లను తొడల దగ్గర పట్టుకుని, తోపుడు బండి లాగినట్టు వెనక్కి లాగి, అర్ధచంద్రంగా తిప్పి దూరం చేయవచ్చు. ఒక్కరే ఉంటే ఇది ప్రయత్నించవద్దు. తెలియని కుక్క కాళ్లు పట్టుకోవడం కూడా ప్రమాదమే గనుక, ఇది చివరి దారి. పళ్లు దిగి ఉండగా బలవంతంగా లాగితే కండ చీలుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

గొడవ ముగిశాక మనం చేసే మొదటి పొరపాటు ఏడుస్తూ మన కుక్కను ఒళ్లో పెట్టుకుని ఒట్టి చేతులతో దాని గాయాలు తుడవడం. దాని బొచ్చు మీద ఎదుటి కుక్క చొంగ ఉంటుంది. మీ వేళ్ల మీద కూరగాయలు తరిగినప్పుడు తెగిన గాటు ఉందేమో! తెగిన చర్మానికి చొంగ తగిలినా డాక్టర్లు దాన్ని లోతైన కాటుతో సమానంగానే చూస్తారు. గ్లౌజులు గానీ, ఏమీ లేకపోతే పాలిథిన్ సంచి గానీ చేతికి తొడుక్కుని, సబ్బు నీళ్లతో కడిగి, పశువుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. చిన్న కుక్కలకు పైన రెండు చుక్కల్లా కనిపించే గాయం లోపల చాలా లోతుగా ఉంటుంది. ఏటా టీకా వేయించిన కుక్క అయినా సరే, కాటు పడ్డాక మళ్లీ సూదులు అవసరం. ఆ సంగతి పశువుల డాక్టరు చూసుకుంటారు.

మన ఒంటి మీద పంటి గాటు ఉంటే, గోరు గీరి రక్తం వచ్చినా సరే, ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. పదిహేను నిమిషాలు అనుకున్నంత చిన్న సమయం కాదు, చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. ఈ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, గిన్నె జిడ్డును సబ్బు వదిలించినట్టే దాన్నీ చెడగొడుతుంది. ఖర్చులేని ఈ వైద్యం మన చేతిలోనే ఉంది. తరువాత అయోడిన్ మందు ఉంటే రాయండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ వద్దు. అవి గాయాన్ని రేపి, వైరస్‌ను ఇంకా లోపలికి తోస్తాయి. వచ్చినవాళ్ల గాయం నుంచి కారం కడగడానికే నాకు సగం సమయం పోయిన రోజులున్నాయి. వెంటనే కుట్లు వేయమని కూడా అడగవద్దు.

ఇంజెక్షన్లంటే ఇప్పటికీ పెద్దవాళ్లు బొడ్డు చుట్టూ పద్నాలుగు అని భయపడతారు. ఆ పాత టీకా గొర్రె మెదడు నుంచి చేసేవారు. 2005 తరువాత మన దేశంలో అది లేదు. ఇప్పటివి జబ్బపైన వేసేవి. చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగుసార్లు రావాలి, మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు. కండలోకి వేసే పద్ధతిలో ఐదుసార్లు, అందులో 14వ రోజు కూడా ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు ఎవరైనా వేయించుకోవచ్చు. పథ్యం లేదు. కోడికూర, వంకాయ, చేప ఏదైనా తినవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. రక్తం వచ్చిన కాటుకు టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేయాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టే లోపు గాయం దగ్గరే వైరస్‌ను అడ్డుకునేది అదే. నొప్పి ఉంటుంది, దాచను. వేలికి వేసినప్పుడు మరీ ఉంటుంది. మాస్టారు కళ్లు మూసుకుని ఏడో ఎక్కం చెప్పుకున్నారు.

కరిచిన కుక్కను పది రోజులు గమనించాలనే మాట మీరు విని ఉంటారు. నిజమే. కానీ టీకా మొదలుపెట్టి గమనించాలి. గమనించాక మొదలుపెడదామనుకోకూడదు. పది రోజులకు కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన డోసులు ఆపాలో వద్దో డాక్టరు చెబుతారు. అలాగే వీధికుక్క చెవి కొన కత్తిరించి ఉంటే, దానికి ఆపరేషన్ చేసి ఒకసారి టీకా వేశారని గుర్తు. ఆ టీకా బలం ఇప్పటికీ ఉందని మాత్రం ఆ చెవి చెప్పదు. ఆలస్యమైనవాళ్లు కూడా "ఇక దండగ" అనుకోవద్దు. జబ్బు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నాలుగో రోజు వచ్చిన మాస్టారికి మొదటి రోజు వచ్చినవాళ్లకు చేసినట్టే అన్నీ చేశాం. భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023 సంవత్సరాల్లో 15 రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి చేయించిన సర్వేలో, దేశంలో ఏటా సుమారు 91 లక్షల మందికి జంతువుల కాట్లు పడుతున్నాయని, రేబిస్‌తో సుమారు 5,700 మంది చనిపోతున్నారని అంచనా వేశారు. కుక్క కరిచిన ఐదుగురిలో ఒకరు ఒక్క డోసు కూడా వేయించుకోలేదట. ఆ ఐదో మనిషి ఎందుకు రాలేదో ఆలోచించినప్పుడల్లా నాకు ఆ పంచె గుడ్డ గుర్తుకు వస్తుంది.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. కుక్కను తిప్పే పని చాలా ఇళ్లలో పిల్లలకు అప్పగిస్తారు. కుక్క కంటే బరువు తక్కువున్న పిల్లాడు గొలుసు పట్టుకుంటే, నడిపించేది ఎవరో మీరే చెప్పండి. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఒంటరిగా పంపవద్దని నా అభిప్రాయం. ఇంకో సంగతి. గాటు పడితే పిల్లలు దాస్తారు. అమ్మ కొడుతుందని ఒక భయం, కుక్కను ఎక్కడో వదిలేస్తారని అంతకంటే పెద్ద భయం. ఒక పాప పొడుగు చేతుల గౌను వేసుకుని వారం రోజులు దాచింది. స్నానం చేయించే అమ్మమ్మ చూసింది కాబట్టి మాకు తెలిసింది. "కరిస్తే చెప్పు, నిన్ను తిట్టను, కుక్కను పంపించను" అని ముందుగానే, ఏమీ జరగని రోజునే, పిల్లలతో అనండి. అన్న మాట మీద నిలబడండి కూడా.

మా కాలనీ మీటింగులో ఒకాయన లేచి విషం పెట్టేస్తే పీడ పోతుంది కదా అన్నారు. అది నేరం. 2001లో వచ్చిన నిబంధనల ప్రకారమూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవాటి ప్రకారమూ వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెబుతూ, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం తిరిగి వదలకూడదని ఆదేశించింది. కనిపించిన చోటల్లా కాకుండా నిర్ణయించిన చోటే వాటికి అన్నం పెట్టాలని కూడా చెప్పింది. నేరం సంగతి పక్కన పెట్టినా, టీకా వేసిన కుక్కలను చంపితే ఆ సందు ఖాళీగా ఉండదు. తిండి ఉన్నంతకాలం టీకా లేని కొత్తవి వచ్చి చేరతాయి. తిండి ఎక్కడిదంటే, మనం పెట్టేదే. పెళ్లి భోజనాలు, ప్రేమవిందులు, జ్ఞాపకార్థ కూడికలు అయ్యాక విస్తళ్లు, ఎముకలు గేటు బయట గుట్టగా పోస్తాం. మరునాడు అదే గేటు ముందు పది కుక్కలు కాపలా కాస్తుంటే మునిసిపాలిటీని తిడతాం. ఆ చెత్తను మూట కట్టి బండికి అందించే పని ఇద్దరు యువకులకు అప్పగిస్తే అరగంటలో అయిపోతుంది. పోయిన క్రిస్మస్ విందుకు మేము అలా చేసి చూశాం. రెండు రోజుల్లో గుంపు చెదిరిపోయింది.

మాస్టారు అన్ని డోసులూ వేయించుకున్నారు. స్నూపీకి కూడా పశువుల ఆసుపత్రిలో టీకా కార్డు రాయించారు. ఆ కార్డును తన బి.పి. పుస్తకంలోనే పెట్టుకున్నారు. ఇప్పుడు నల్ల గొడుగుతో కాలవ గట్టు మీద కనిపిస్తారు. మా పక్క వీధి రాజా గేటు వారంలో మూడు రోజులు మూసి ఉంటోంది. మిగతా రోజుల్లో నేను పోస్టాఫీసు సందులోంచి చుట్టు తిరిగి వెళ్తాను.

ఇంజెక్షన్ గది ఆదివారం తెరవరు. ఆ రోజు కుక్క కరిస్తే క్యాజువాలిటీకి రండి, మొదటి డోసు అక్కడే వేస్తారు. గాయం కడిగాక నేరుగా రండి, ఆరాధన ముగిసేదాకా ఆగవద్దు.